పచ్చ తెర గారికి, మిమ్మల్ని సాగనంపడానికి వచ్చినవాడు రాయునది

అయ్యా ఏఎస్/400 పచ్చ తెర గారూ,

ముందే ఒప్పేసుకుంటా, మిమ్మల్ని, అంటే నల్ల తెర మీద పచ్చ అక్షరాలు చూపించే ఈ ఐబీఎం పాత ఆఫీసు కంప్యూటర్ని, రిటైర్ చేయించాలని వచ్చిన టీంలో నేనూ ఉన్నా. స్లైడ్ చేసింది కూడా నేనే, ఎడమ పక్క మీ ఫొటో, కుడి పక్క రంగురంగుల వెబ్ పేజీ, మధ్యలో ఇంత లావు బాణం. మీరు పుట్టింది 1988లో, మీ ఆర్పీజీ భాష మూలాలైతే 1959 నాటివి, వెబ్ పేజీలు కట్టే మా రూబీ ఆన్ రైల్స్ వచ్చింది 2004లో, పైగా ఓపెన్ సోర్స్, ఫ్రీ. ఫ్రీ అనగానే మేనేజర్ గారు తలూపేశారు, మిగతా స్లైడ్లు ఎవరూ చూడలేదు.

మీకు 2000లో ఐసిరీస్ అని, 2006లో సిస్టమ్ ఐ అని, 2008లో ఐబీఎం ఐ అని పేర్లు మార్చారు, అయినా ఆఫీసులో అందరూ ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అనే అంటారు. సరే పేరు మాకెందుకు, డేటా ఉంటే చాలు అనుకున్నాం. అక్కడే బుక్కయ్యాం.

రైల్స్‌కి కొన్ని పట్టింపులు ఉన్నాయి, టేబుల్ పేరు బహువచనంలో ఉండాలి, ఒక్కో వరసని గుర్తుపట్టే ప్రైమరీ కీ పేరు ఐడీ అయ్యుండాలి. మీ దగ్గరేమో ఆబ్జెక్ట్ పేరు పది అక్షరాలు దాటకూడదు కాబట్టి ఎవరో మహానుభావుడు ఎప్పుడో కూర్చుని అచ్చులన్నీ కోసిపారేసి హల్లులు మాత్రం మిగిల్చాడు. మీ టేబుల్ని రైల్స్‌కి పరిచయం చేసే, పది లైన్లలో అయిపోతుందన్న మోడల్ ఫైల్‌లో ఏ కాలమ్ అంటే ఏంటో చెప్పడానికే రెండు పేజీలు పట్టింది. తేదీ చూద్దామంటే 1250314 అని ఏడంకెలు, ముందున్న 1 అంటే 2000 తర్వాత అని, మిగతావి ఏడాది, నెల, రోజు అని అర్థమట, నేను మాత్రం అది ఇన్వాయిస్ నంబర్ అనుకుని స్క్రీన్ మీద ముద్దుగా కామాలు కూడా పెట్టా.

ఇక సేవ్ బటన్ కథ. నొక్కితే ఎస్‌క్యూఎల్7008, రీజన్ కోడ్ 3 అని ఎర్రర్. డ్రైవర్ మార్చా, జెమ్ (రూబీ లైబ్రరీ) వెర్షన్ మార్చా, సర్వర్‌ని తిట్టా, రెండ్రోజులు పోయాయి. విషయం ఏంటంటే రైల్స్ ప్రతి సేవ్‌నీ ట్రాన్సాక్షన్‌లో చుడుతుంది (అయితే మొత్తం సేవ్ అవ్వాలి, లేదంటే ఏదీ అవ్వకూడదు), దానికి మీ దగ్గర కమిట్‌మెంట్ కంట్రోల్ కావాలి, అది కావాలంటే టేబుల్‌కి జర్నలింగ్, అంటే ప్రతి మార్పునీ చిట్టాలో రాసుకోవడం, ఆన్ అయ్యుండాలి, మా టేబుళ్లకి ఇన్నేళ్లలో ఎవరూ ఆన్ చేయలేదు. స్లైడ్‌లో నేను "లెగసీ రిసోర్స్" అని రాసిన పెద్దాయన వచ్చి, నా వెనక నిలబడి ఎర్రర్ చదివి, మీ దగ్గర ఒక్క కమాండ్ కొట్టి వెళ్లిపోయారు. ఒక్క మాటన్నా బాగుండేది.

లాంచ్ రోజు సంగతి మీకెలాగూ తెలిసే ఉంటుంది. ఆర్డర్లు ఎక్కించే మేడమ్ కీబోర్డు వంక చూడరు, స్క్రీన్ వంకా చూడరు, చూపంతా చేతిలో కాగితం మీదే, నంబర్ కొట్టి ఫీల్డ్ ఎగ్జిట్, నంబర్ కొట్టి ఫీల్డ్ ఎగ్జిట్. తర్వాతి గడికి దాటించే ఆ కీ మా పేజీలో లేదు. తప్పు పడిందని అలవాటుగా ఎఫ్12 నొక్కారు, మీ దగ్గరైతే క్యాన్సిల్, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరుచుకుని స్క్రీన్ సగం కోడ్‌తో నిండిపోయింది. ఎఫ్3 నొక్కి బయటపడదామంటే వెతుకులాట డబ్బా ప్రత్యక్షం. "బాబూ, ఎవరో హ్యాక్ చేశారు" అని ఫోన్. ఆ ఫోన్ ఎత్తింది నేనే.

తర్వాత జావాస్క్రిప్ట్ రాసి ఎఫ్12కి క్యాన్సిల్ పెట్టా, ప్లస్ కీ కొడితే తర్వాతి ఫీల్డుకి వెళ్లేలా చేశా, మౌస్ అక్కర్లేకుండా చేశా, పేజీలో బొమ్మలు తీసేశా, ఎవరో కళ్లు గుంజుతున్నాయంటే నేపథ్యం నల్లగా మార్చా. అక్షరాల రంగు ఇంకా తెలుపే, ఆ మాత్రం పరువు దక్కించుకున్నా. ధర లెక్కకట్టేది మాత్రం ఇప్పటికీ మీ ఆర్పీజీ ప్రోగ్రామే, స్టోర్డ్ ప్రొసీజర్‌గా, అంటే డేటాబేస్ ద్వారా, పిలుస్తున్నాం, ఎందుకంటే అందులో డిస్కౌంట్ ఎలా వస్తుందో చెప్పగలిగేవాళ్లు లేరు, పెద్దాయన తప్ప, ఆయనేమో నాతో మాట్లాడరు.

మేడమ్ మాత్రం మా పేజీ వెనకాల మీ సెషన్ మినిమైజ్ చేసి పెట్టుకున్నారు. నేను అటుగా వెళ్తే గబుక్కున మా పేజీ ముందుకు తెస్తారు, పాపం నేను బాధపడతానని.

ఇట్లు,
ఇంకా 37 టేబుళ్లకి జర్నలింగ్ ఆన్ చేయించుకోవాల్సిన మీ రైల్స్ కుర్రాడు