ఆర్డినెన్స్ గారికి శ్రీకాకుళం నుంచి ఒక జాబు

మహారాజశ్రీ ఆర్డినెన్స్ గారికి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. సభలు కూర్చోని వేళ ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టం తమరు. ఉభయ సభలూ సెలవులో ఉన్నాయి కాబట్టి తమరు కుశలమేనని తలుస్తాం.

తమరు బేగి వచ్చేశారని పేపర్లో చూసి నిన్న జనం ఒక ఆఫీసు వరండాలో మధ్యాహ్నమంతా పడిగాపులు కాశారు. సాయంత్రం గుమస్తా బయటికొచ్చి "ఆర్డినెన్స్ ఒచ్చింది గానీ రూల్సు రానేదు బాబూ, ఒచ్చే వారం కనపడండి" అన్నాడు. తక్షణం చర్య తీసుకోక తప్పదని గవర్నరు నమ్మితేనే కదా, రాజ్యాంగం 213వ అధికరణం కింద తమరు పుట్టేది? (గవర్నరు నమ్మడమంటే మంత్రివర్గం నమ్మమనడం. సరేలెండి.)

పుట్టాలంటే రెండు సభలూ మూతపడక్కర్లేదు. శాసనమండలి కూడా ఉన్న మన రాష్ట్రంలో ఒక్కటి కూర్చోకపోయినా చాలు. సభ మళ్ళీ కూర్చున్నాక ఆరు వారాలకు ఆయుష్షు తీరాలి. సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు గనుక ఎంత సాగదీసినా ఏడున్నర నెలలే. కానీ బిల్లు పెట్టకుండానే సభను ముగించి, అదే కాగితానికి కొత్త తేదీ వేస్తే? బీహార్‌లో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్స్‌లు. అందులో చెరకు మీద వచ్చినదొకటి 13 ఏళ్ళ 11 నెలల 19 రోజులు బతికింది. పండక్కని వచ్చి పుష్కరం దాటినా కదలని చుట్టం! ఇది రాజ్యాంగానికి చేసిన మోసమని 1986లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

అమెరికాలో తమకు తావే లేదు. అక్కడ అధ్యక్షుడు సొంతంగా బిల్లు కూడా పెట్టలేడు, ఎవరో ఒక సభ్యుడు పెట్టాలి. వచ్చిన బిల్లును పది రోజుల్లో తిప్పికొట్టగలడు, అదీ రెండు సభల్లో మూడింట రెండొంతులు ఎదురు తిరగనంత వరకే. 1952లో ట్రూమన్ ఒక్క ఉత్తర్వుతో ఉక్కు మిల్లులు స్వాధీనం చేసుకుంటే, చట్టం చేయడం నీ పని కాదని రెండు నెలలు తిరక్కుండా కోర్టు కొట్టేసింది. బయట కొరియా యుద్ధం నడుస్తున్నా సరే. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్లతో, అంటే అధ్యక్షుడు సొంతంగా ఇచ్చే ఉత్తర్వులతో, వాళ్ళూ ఆటలాడతారు. అయితే తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో రద్దు చేయగలడు.

తమరి వల్ల మేలు జరగలేదనను. 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళిన వి.వి.గిరి గారే, 1969 జులై 19న తాత్కాలిక రాష్ట్రపతిగా 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. మాకూ గొప్పే. కాకపోతే పార్లమెంటు కూర్చోవడానికి అప్పటికి రెండు రోజులే ఉంది.

అసలు ఒళ్ళు మండేది ఇక్కడ. అమెరికా అధ్యక్షుడికి సభలో సీటు లేదు, ఒక్కోసారి మెజారిటీ కూడా ఉండదు. ఇక్కడ మెజారిటీ నిన్ను పంపేవాళ్ళదే. బిల్లు రాసేదీ వాళ్ళే, సభను పిలిచేదీ ముగించేదీ వాళ్ళ సలహా మీదే. అన్నీ చేతిలో పెట్టుకుని దొడ్డిదారి ఏటి? నిన్ను సభ ముందు పెట్టి తీరాలని 2017లో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీతో చెప్పింది కూడా. నరసన్నపేట వాళ్ళు ఓటేసి పంపిన మనిషి లేచి ఔననో కాదనో అనాలి. అది జరిగే దాకా మా ఛాయలకు రాకు.

ఇట్లు,
వరండాలో బెంచీ మీది జనం