పట్టాలు తీసేశాక ఆ నేల ఎవరిది?

రైళ్లు ఆగిపోయిన మార్గంలో పట్టాలు పీకేశాక మిగిలే సన్నని, పొడవాటి స్థలానికి చెన్నైలో ఆయుష్షు తక్కువ. మొదట చెత్త పడుతుంది, తర్వాత లారీలు నిలుస్తాయి, చివరికి ఎవరిదో ప్రహరీ లేస్తుంది. ఖాళీ భూములను లీజుకిచ్చి ఆదాయం తేవడానికి రైల్వేకి ప్రత్యేక సంస్థే ఉంది. రాబడి కావాలనడం తప్పు కాదు. కానీ ఒకసారి ముక్కలు చేసిన మార్గాన్ని తిరిగి కలపడం ఎవరి తరమూ కాదు.

సింగపూర్‌నే చూడండి. తంజోంగ్ పగార్ నుంచి ఉడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్ల మలేసియా రైల్వే మార్గంలో 2011 జూన్ 30న చివరి రైలు నడిచింది. గజం నేల బంగారమయ్యే ఆ ఊళ్లో దారిని తెగనమ్మలేదు. నడకకు, సైకిళ్లకు వదిలారు. బుకిట్ తిమా స్టేషన్నీ ఇనుప వంతెనలనూ కాపాడుకున్నారు. అక్కడా మనలాగే ఉక్కపోత, కుండపోత. ఇవన్నీ చలిదేశాల సరదాలనే సాకు చెల్లదు.

ప్రజలకిస్తే మళ్లీ చేతికి రాదన్నది రైల్వే భయం. అమెరికా దీనికి 1983లోనే చట్టసవరణతో జవాబు చెప్పింది: మూతపడిన మార్గాన్ని చీల్చకుండా బాటగా వాడుకోవచ్చు, అవసరం పడితే రైలు మళ్లీ వేసుకోవచ్చు. మనకూ అలాంటి నిబంధనే కావాలి.

రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి దాని దారి దాదాపు చదునుగా సాగుతుంది. మోకాళ్ల నొప్పులవారికి, చక్రాల కుర్చీలకు అంతకన్నా ఏం కావాలి? పనగల్ పార్కులో సాయంత్రం జనం ఒకరి వెనక ఒకరు గుండ్రంగా తిరుగుతున్నారు. టి.నగర్‌కు అదైనా ఉంది. 1856లో దక్షిణాది తొలి రైలు కదిలిన రాయపురం, పక్కనే తెలుగు కుటుంబాలున్న కొరుక్కుపేట, వ్యాసర్పాడి ప్రాంతాల్లో లారీల మధ్య నడవాల్సిందే.

ఒక్క షరతు. పాత రైలు వంతెనపై నడక పార్కుగా మార్చిన న్యూయార్క్ హైలైన్ 2009లో తెరుచుకున్నాక చుట్టుపక్కల ఆస్తుల ధరలు ఎగబాకాయి. పట్టాల పక్క గుడిసెలవారిని ఊరి చివరి పునరావాస కాలనీలైన పెరుంబాక్కానికో కణ్ణగి నగర్‌కో తరిమి వేసే బాట మాకు అక్కర్లేదు.

వాడుక తప్పిన సైడింగుల (ప్రధాన మార్గం నుంచి చీలే పక్క పట్టాల) జాబితాను దక్షిణ రైల్వే, చెన్నై కార్పొరేషన్ కలిసి వార్డులవారీగా బయటపెట్టాలి. అభ్యంతరాలు విని తేల్చేదాకా వాటిలో ఏ ముక్కనూ లీజుకివ్వకూడదు.