వెనక సీట్లో ఐర్లాండ్

ఆగస్టు మొదటి సోమవారం ఐర్లాండ్‌లో సెలవు. ఆ వారాంతంలో డబ్లిన్ శివార్లలోని తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు, రెయిన్‌కోట్లు డిక్కీలో సర్దుకుని, తెల్లవారుతూనే క్లేర్ తీరంలోని మోహెర్ కొండచరియలకు బయల్దేరుతాయి. పోను సుమారు 270 కిలోమీటర్లు, రాను అంతే. 214 మీటర్ల ఎత్తు నుంచి అట్లాంటిక్‌ను చూసి, ఫొటోలు దిగి, గాల్వేలో కాసేపు తిరిగి, రాత్రికి ఇల్లు చేరతారు. ఆ రోజు పిల్లలు సీటు బెల్టులో గడిపింది ఆరేడు గంటలైతే, నేల మీద నడిచింది మహా అయితే రెండు గంటలు. దీనికి పల్లెసీమల యాత్ర అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ.

తప్పు మనవాళ్లదని నేననను. ఐర్లాండ్ తన పల్లెలను లోకానికి చూపించే పద్ధతే అలా ఉంది. 2014లో మొదలైన ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ అనే పడమటి తీరపు పర్యాటక రహదారి ఉత్తరాన డానిగాల్‌లోని ఇనిషోవెన్ నుంచి దక్షిణాన కార్క్‌లోని కిన్‌సేల్ దాకా 2,500 కిలోమీటర్ల మేర సాగుతుంది. పర్యాటక ప్రచారంగా అది ఘన విజయమే. కానీ ఆ దారిని గీసింది స్టీరింగు పట్టుకున్న మనిషి కోసం. ఆరేళ్ల పిల్లకు కావలసింది ఎక్కడానికి ఒక రాతిగోడ, రాళ్లు విసరడానికి ఒక వాగు, గేటు మీదుగా తల చాపే ఒక గాడిద. అవన్నీ ఆ దారి పక్కనే ఉంటాయి, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతూ.

ఐరిష్ భాషలో దారిని ‘బోహర్’ అంటారు. అందులోని ‘బో’ అంటే ఆవు. మన ‘గో’కు దూరపు చుట్టమే. ఒక ఆవు పొడవునా, మరొకటి అడ్డంగా నిలబడితే పట్టేంత వెడల్పున్నది బోహర్ అని అక్కడి ప్రాచీన నిఘంటువు ఒకటి నిర్వచించింది. దాని చిన్న రూపం బోరీన్: మన గోదావరి పల్లెల్లో పుంత అనీ, గుంటూరు వైపు డొంక అనీ పిలిచే పశువుల బాట. నడుమ గడ్డి మొలిచి, అటూ ఇటూ ముళ్లపొదలతో ఉండే అలాంటి స్థానిక రోడ్ల మీద సైతం 2025 ఫిబ్రవరి 7 వరకు చట్టం అనుమతించిన వేగపరిమితి గంటకు 80 కిలోమీటర్లు! ఇప్పుడు దాన్ని 60కి తగ్గించారు. ఆవుల కోసం పుట్టిన బాట మీద పిల్లవాణ్ణి చెయ్యి వదిలి నడిపించడానికి తల్లి జంకుతున్నదంటే, ఆ భయాన్ని పెంచి పోషించింది వేగపరిమితుల పట్టికే.

మరి ఐరిష్ పల్లెల్లో పిల్లలు నిర్భయంగా తిరగగలిగే దారులేవి? విచిత్రంగా, చచ్చిపోయిన రైలు మార్గాలు. మోహెర్‌కు దగ్గరి ఊరైన లహించ్‌కు వెస్ట్ క్లేర్ రైలు 1961 వరకు నడిచింది. డానిగాల్ కౌంటీలో ఇవాళ పనిచేసే రైల్వే స్టేషను ఒక్కటీ లేదు. అలా మూతపడిన మార్గాల్లో కొన్నింటిని గ్రీన్‌వేలుగా, అంటే నడకకూ సైకిళ్లకూ మాత్రమే వదిలిన బాటలుగా మార్చారు. వాటర్‌ఫర్డ్ నుంచి డంగార్వన్ దాకా 46 కిలోమీటర్ల గ్రీన్‌వే 2017లో తెరుచుకుంది. దాని మీద బాలీవాయిల్ వద్ద సుమారు 400 మీటర్ల సొరంగం ఉంది. పిల్లలు ఆ చీకట్లో అరిచి తమ గొంతు తామే వినడానికి వెనక్కి తిరిగి మళ్లీ వస్తారు. రైలు బండి నిటారు ఎత్తులు ఎక్కలేదు కనుక దాని బాట చాలామటుకు చదునుగానే సాగుతుంది, చిన్న కాళ్లకు అదే వరం.

మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా సాగే 42 కిలోమీటర్ల గ్రీన్‌వే నా దృష్టిలో వీటన్నిటికీ తలమానికం. న్యూపోర్ట్, మల్‌రానీల దగ్గర ఆగుతూ మూడు రోజుల్లో, రోజుకు ఒక ముక్క చొప్పున, తొమ్మిదేళ్ల పిల్లలు సైతం తొక్కగలరు. అయితే ఆ దారి గొప్పతనం చదునులో లేదు. అకిల్ ద్వీపపు పిల్లలూ యువకులూ బంగాళాదుంపలు ఏరే కూలికి ఏటా స్కాట్లండ్ వలసపోయేవారు. 1937 సెప్టెంబరులో కర్కిన్‌టిలోక్ అనే ఊళ్లో వారు పడుకున్న పాకకు నిప్పంటుకుని పదిమంది చనిపోయారు. వారి వయసులు పదమూడు నుంచి ఇరవై మూడు. ఆ శవపేటికలను మోసుకొచ్చిన రైలు ఈ మార్గం మీద నడిచిన చివరి రైళ్లలో ఒకటి; అదే ఏడాది లైను మూతపడింది. పదమూడేళ్ల కొడుకుతో ఆ బాట మీద సైకిలు తొక్కే తండ్రి ఈ సంగతి చెప్పడానికి ఎక్కడో ఒకచోట ఆగుతాడు. కారులో అయితే ఆ మలుపు ఈసరికే దాటిపోయి ఉండేది.

కారు లేకుండా ఐరిష్ పల్లెల్లో పిల్లలతో తిరగడం అసాధ్యమనీ, పడమటి తీరంలో కొన్నిచోట్ల ఏడాదికి 225 రోజులు వాన పడుతుందనీ, ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ వల్లే ఆ ఊళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయనీ అంటారు. మూడూ నిజమే. కారులోనే వెళ్లండి, వెళ్లాక అయిదు రోజులు దాన్ని కదపకండి. వాన సంగతైతే నా వాదానికే బలం: జూన్‌లో పడమట రాత్రి పదింటి దాకా వెలుగుంటుంది, ఒకే ఇంట్లో మకాం వేసినవాడు జల్లు వెలిసేదాకా ఆగగలడు, రాత్రికి మరో ఊళ్లో గది బుక్ చేసుకున్నవాడు ఆగలేడు. పైగా అయిదు రోజులు ఒకేచోట ఉన్న కుటుంబం ఊరి దుకాణంలోనే పాలూ రొట్టే కొంటుంది.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఐర్లాండ్‌లో ప్రైవేటు పొలాల మీదుగా నడిచే హక్కు జనానికి లేదు. స్కాట్లండ్ 2003లో చట్టం చేసి ఆ హక్కును ఇచ్చింది. డబ్లిన్ ప్రభుత్వం ఇప్పటికీ భూయజమానుల అనుమతితోనే నెట్టుకొస్తోంది. వాటర్‌ఫర్డ్‌లో పాత మార్గం ప్రభుత్వ రవాణా సంస్థ సీఐఈ చేతిలోనే ఉండబట్టి దాన్ని బాటగా మార్చడం సాధ్యపడింది. మేయోలో రైతులు మంచి మనసుతో ఒప్పుకోబట్టి దారి నిలిచింది. ఆ రైతులకు దండం పెట్టాల్సిందే, కానీ పిల్లల నడక ఎవరి మంచితనం మీదో ఆధారపడకూడదు. రైళ్లు తీసేసిన రోజున ఆ దేశం పోగొట్టుకున్నవి పట్టాలొక్కటే అనుకుంటాం. వాటి కింద పొలాల మధ్యగా, ఎవరి గుమ్మమూ తొక్కకుండా ఊరి నుంచి ఊరికి పోయే నేల కూడా చాలాచోట్ల చెయ్యిజారింది. దాన్ని తిరిగి కూడగట్టడానికి పెట్టే ఖర్చు తీరం వెంట ఇంకో సైన్‌బోర్డుకు పెట్టే ఖర్చు కన్నా ముందుండాలి.

వచ్చే వేసవికి ఆ తీరాన ఇల్లు అద్దెకు తీసుకునేవారు యజమానిని సముద్రం ఎంత దూరమని అడుగుతారు, వైఫై ఉందా అని అడుగుతారు. గడప దాటిన పిల్లవాడు పెద్దల తోడు లేకుండా ఎంతదాకా నడవవచ్చో కూడా అడిగి చూడండి. యజమాని నిజాయితీపరుడైతే, చాలా ఇళ్ల విషయంలో వచ్చే జవాబు: గేటు దాకా.