లంగరెత్తిన గొయ్యి

ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చే ఉత్తరాలు అర్థం కావాలంటే నిఘంటువులు చాలవనీ, కాస్త నౌకాశాస్త్రం కూడా వచ్చి ఉండాలనీ ఈ వ్యాసకర్తకు అరవయ్యో ఏట తెలిసివచ్చింది. విశాఖ చినవాల్తేరులో మా వీధి మొదట్లో కాలువ కోసమని తవ్విన గొయ్యి ఒకటుంది. దాని చుట్టూ కట్టిన ఎరుపు తెలుపు రిబ్బను ఎండకు వెలిసి పూర్తిగా తెల్లబడింది. లోపలి నీళ్లలో తోకకప్పలు పుట్టి, కాళ్లు మొలిచి, ఎవరి దారిన అవి వెళ్లిపోయాయి. ఈ గొయ్యి సంగతేమిటని సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టుకుంటే, నెల తిరగకుండానే జవాబు వచ్చింది: "సదరు పని పురోగతిలో ఉన్నది." ఆంగ్ల ప్రతిలో ఆ చోట 'అండర్‌వే' అని ఉంది.

ఆ కాగితం పట్టుకొని నేను ఆవేశపడుతుంటే, పోర్టులో పడవలు నడిపే సరంగుగా చేసి రిటైరైన మా ఎదురింటి పెద్దాయన కళ్లజోడు సవరించుకొని దాన్ని రెండుసార్లు చదివి, "ఇందులో తప్పేటుంది మాస్టారూ, కరెక్టుగానే రాసినారు కదా!" అన్నారు.

ఆయన చెప్పగా తెలిసిన శాస్త్రమిది. సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో దేశాలు కూర్చుని రాసుకొని, 1977 నుంచి అమలు చేస్తున్న అంతర్జాతీయ నిబంధనల్లో ఈ మాటకు నిర్వచనం ఉంది. లంగరు వేసుకోని, ఒడ్డుకు కట్టేయని, నేల పట్టని ఓడ ఏదైనా అండర్‌వేలో ఉన్నట్టే లెక్క. అది కదలాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. ఇంజను ఆపేసి, కళాసీలు పేకాడుకుంటూ, ఓడ అలల మీద తన మానాన తాను ఊగుతున్నా సరే, లంగరు పైకెత్తి ఉంటే చాలు. నిజంగా నీటిని కోసుకుంటూ ముందుకు పోవడానికి నావికులకు 'మేకింగ్ వే' అని వేరే మాట ఉంది. మా ఉత్తరం రాసిన గుమాస్తా పొరపాటున కూడా ఆ మాట వాడలేదు. అంతటి సత్యసంధుణ్ణి నేను అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఈ 'అండర్‌వే' అన్న మాట డచ్చి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అసలు అర్థం 'దారిలో' అని. లంగరెత్తడాన్ని ఇంగ్లీషులో 'వెయ్' అంటారు కాబట్టి, ఇది అందులోంచే పుట్టిందనుకొని చాలాకాలం చదువుకున్నవాళ్లు కూడా స్పెల్లింగు మార్చి రాశారు. పెళ్లి ముహూర్తం దగ్గరపడ్డాక ఫోను చేస్తే "దారిలోనే ఉన్నామండీ" అని చెప్పి, ఇంట్లో ఇంకా తలంటుకుంటున్న మన చుట్టాలు ఈ డచ్చి పదానికి ఎంత న్యాయం చేస్తున్నారో భాషావేత్తలు గమనించినట్టు లేదు.

లంగరు వేసినంత మాత్రాన అంతా నిలకడ అనుకోవడమూ పొరపాటే. ఓడను పట్టి ఉంచేది లంగరు బరువొక్కటే కాదు, సముద్రం అడుగున బారుగా పరుచుకున్న గొలుసు కూడా. గొలుసు అడ్డంగా లాగితే కొక్కెం బురదలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడివస్తుంది. విశాఖ జనానికి ఇది కళ్లారా చూసిన సంగతి. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి లంగరు ఆగక, 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ సరకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకొచ్చి కూర్చుంది. ఊరంతా వెళ్లి ఫోటోలు దిగింది. దాన్ని రెస్టారెంటుగా మారుస్తామని తరువాత ప్రకటించారు. మనం పారసీ నుంచి తెచ్చుకున్న ఈ లంగరు అన్న మాటకు ఆ భాషలో నలుగురికీ అన్నం పెట్టే చోటు అనే అర్థం కూడా ఉంది. లంగరు నిలవని ఓడలో లంగరు పెట్టాలనుకున్న ఆ పాండిత్యానికి ముచ్చటేసింది గాని, అక్కడ పొయ్యి మాత్రం వెలగలేదు.

అవే నిబంధనల్లో నాకు బాగా నచ్చింది నల్ల గుండ్ల పద్ధతి. పగటిపూట లంగరు వేసుకున్న ఓడ ఒక నల్ల గుండు వేలాడదీయాలి. అదుపు తప్పి, దారి ఇవ్వలేని స్థితిలో ఉన్న ఓడ ఒకదాని కింద ఒకటిగా రెండు వేలాడదీయాలి. నేల పట్టిన ఓడకైతే మూడు. ఎదుటివాడు ఉత్తరం రాసి అడగనక్కర్లేకుండా, దూరం నుంచే చూసి సంగతి గ్రహిస్తాడు. ఇంత మర్యాద నేల మీద మాత్రం ఎందుకు ఉండకూడదని సరంగు గారూ నేనూ ఆలోచించి, రెండు పాత కుండలకు మసి పూసి, వెదురు గడకు కట్టి గొయ్యి పక్కన పాతాము.

తెల్లవారేసరికి ఎవరో పుణ్యాత్ములు ఆ కుండలకు సున్నపు చుక్కలు పెట్టి, కళ్లూ మీసాలూ దిద్దారు. వారం తరువాత జీపులో వచ్చిన అధికారి ఒకాయన వాటిని చూసి ఆగి, జరుగుతున్న పనికి దిష్టి తగలకూడదని కుండలు కట్టిన మా వీధివారి పౌరస్పృహను మెచ్చుకొని, గోతిని చుట్టి వెళ్లిపోయారు. సరంగు గారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, మూడో కుండ తెచ్చుకొని, అరుగు మీద కూర్చుని మసి పూస్తున్నారు.