అరువు తెచ్చుకున్న ఉద్యమం కాదు

ఆఫ్రికా స్త్రీల ఉద్యమం మాట ఎత్తగానే ఒక వాదన ముందుకొస్తుంది. స్త్రీవాదం ఆ నేలది కాదు, పడమటి దేశాలు అంటగట్టినది; మహిళల పత్రికలు, రేడియోలు నగరాల్లో చదువుకున్న కొద్దిమంది కోసమే; సంఘాలన్నీ విదేశీ డబ్బుతో బతుకుతున్నాయి. అక్కడి నాయకులు, మతపెద్దలు ఏళ్లుగా చెబుతున్న ఈ మాటను మనవాళ్లు కూడా నమ్మి పంచుకోవడం చూస్తే బాధేస్తుంది.

పడమటి నుంచి వచ్చిందా? 1929 నవంబరులో ఆగ్నేయ నైజీరియాలోని ఒలొకో ఊళ్లో న్వాన్యెరువా అనే స్త్రీ ఇంటి దగ్గర పామాయిల్ తీస్తోంది. లెక్కలు రాసుకునే మనిషి వచ్చి నీ మేకలను, గొర్రెలను, ఇంట్లోవాళ్లను లెక్కపెట్టి చెప్పమన్నాడు. లెక్క వెనకాలే పన్ను వస్తుందని ఆమెకు తెలుసు. మీ అమ్మను లెక్కపెట్టారా అని ఎదురడిగింది. పెనుగులాటలో ఆమె చేతుల నూనె అతనికి అంటింది. కబురు పామ్ చెట్టు లేతాకుల రూపంలో చేతులు మారుతూ ఊరూరా పాకింది. వేలమంది స్త్రీలు కదిలి, బ్రిటిష్‌వాళ్లు నియమించిన పెద్దల ఇళ్లను చుట్టుముట్టి, వాళ్ల తప్పులను పాటలు కట్టి పాడారు. తప్పుచేసిన మగవాడిని అలా నిలదీయడం అక్కడి ఇగ్బో జాతి స్త్రీలకు తరతరాల ఆనవాయితీ. బ్రిటిష్ పాలకుల సైనికులు, పోలీసులు జరిపిన కాల్పుల్లో యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. స్త్రీవాదం అన్న మాట వాళ్లు విని ఉండరు. ఆ కథలో పడమటి నుంచి వచ్చినవి పన్ను, తుపాకి.

ఇక చదువుకున్నవాళ్ల కాలక్షేపమన్న మాట. ఇప్పటి టాంజానియాలోని జాంజిబార్ దీవి గాయని సితి బింతి సాద్ కుండలమ్ముకుని బతికిన మనిషి, చదువు రాదు. అరబ్బీలో పాడే తారబ్ సంగీతాన్ని ఆమె అక్కడి జనభాష స్వాహిలిలోకి, మామూలు జనంలోకి తెచ్చింది. 1928లో మన బొంబాయికి వచ్చి పాటలు రికార్డు చేసింది. ఒక స్త్రీని చెరిచి చంపినవాడు తప్పించుకుపోతే, కోర్టు సాక్షులైన ఆడవాళ్లనే శిక్షించిన ఉదంతాన్ని ఆమె పాటగా పాడింది. అక్షరం రాని స్త్రీ చేసిన ఆ పని పాత్రికేయం కాకపోతే మరేమిటి?

టాంజానియా పాత్రికేయ స్త్రీలు 1987లో సంఘం పెట్టుకుని, తమ పత్రికకు ‘సౌతి యా సితి’ అని, అంటే సితి గొంతు అని పేరు పెట్టింది ఈమె మీద గౌరవంతోనే. ఒకే సమస్యను పత్రికల్లోనూ రేడియోలోనూ ఒక్కసారిగా లేవనెత్తడం వాళ్ల పద్ధతి. అత్యాచారాలపై శిక్షలు పెంచిన 1998 చట్టం వెనుక ఈ సంఘం ఒత్తిడి ఉంది. ఉగాండాలో మహిళా పాత్రికేయులు 2001లో మామా ఎఫ్ఎం ప్రారంభించారు. రేడియో వినడానికి చదువుతో పనేముంది?

డబ్బు విషయంలో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. చాలా సంఘాలు విదేశీ నిధుల మీద ఆధారపడ్డాయి. ఇచ్చేవాళ్ల ఆసక్తి మారితే సగంలో పని ఆగిపోతుంది. ఈ బెంగ అందరికన్నా ముందు పడింది అక్కడి స్త్రీవాదులే. ఆఫ్రికా స్త్రీలకు ఆఫ్రికా స్త్రీలే నిధి సమకూర్చాలని 2000లో ఆఫ్రికన్ విమెన్స్ డెవలప్‌మెంట్ ఫండ్‌ను స్థాపించారు. దాని కేంద్రం ఘనా రాజధాని ఆక్రాలో ఉంది. అయినా అంతా డబ్బుతోనే నడవదు. 2003లో లైబీరియా రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని, తమ దేశంలోని అంతర్యుద్ధం ఆపమని ఎండలో, వానలో కూర్చున్నారు. ఆ ఓర్పు ఏ నిధితో వస్తుంది?

సంస్కృతి పేరెత్తేవారు గాంబియాను కూడా చూడాలి. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని ఆ దేశం 2015లో నిషేధించింది. ఇది మా మతం, మా సంస్కృతి అంటూ నిషేధాన్ని ఎత్తేయడానికి బిల్లు వచ్చింది. దాన్ని ఎదిరించినవారిలో చిన్నతనంలో ఆ కోత అనుభవించిన గాంబియా స్త్రీలు ఉన్నారు. తమ ఒంటి మీద జరిగినదాన్ని దేశం ముందు నోరు విప్పి చెప్పారు. 2024 జూలై 15న జాతీయ సభ ఆ బిల్లును తిరస్కరించింది.