మూడు చుక్కలు నొక్కండి

ఫోన్లో ఏ పని ఎలా చెయ్యాలో నేర్పే ప్రతి మహానుభావుడూ ఒకే మంత్రంతో మొదలుపెడతాడు: "పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కండి." ఎవరి ఫోన్లో, ఏ చుక్కలు అన్నది ఆయనకు అనవసరం. ఆయన ఫోన్లో ఉన్నాయి కాబట్టి లోకమంతా ఉన్నట్టే.

కొడుకు దగ్గర ఆండ్రాయిడ్, తల్లి దగ్గర ఐఫోన్ ఉన్నాయనుకుందాం. ఆవిడకు వాట్సాప్‌లో అక్షరాలు కాస్త పెద్దవిగా కావాలి. జీవితంలో ఇంకే కోరికా లేదు. కొడుకు ఫోన్ చేసి దారి చెబుతున్నాడు.

"అమ్మా, మూడు చుక్కలు నొక్కు."

"కుడివైపు లేవురా. ఎడమవైపు ఉన్నాయి, పడుకుని."

"చుక్కలు పడుకోవడమేంటి? సరే, నొక్కు."

"రీడ్ ఆల్ అంటోంది. నొక్కేశాను."

చదవాల్సిన సందేశాలన్నీ చదివేసిన లెక్కలోకి వెళ్లిపోయాయి.

"అయ్యో! పోనీలే, సెట్టింగ్స్‌లోకి వెళ్లు."

"అది కింద మూల ఉంటే ఇంతసేపూ పైన ఎందుకు వెతికించావు?"

"చాట్స్‌లోకి వెళ్లు. ఫాంట్ సైజ్ అని ఉంటుంది."

"లేదు."

"ఉంటుందమ్మా, సరిగ్గా చూడు."

"సరిగ్గా కనిపిస్తే నిన్నెందుకు అడుగుతానురా?"

"సరే, వెనక్కి రా. కుడి అంచు నుంచి వేలితో లాగు."

"లాగుతున్నా. కదలట్లేదు."

కదలదు. ఆవిడ ఫోన్లో వెనక్కి వెళ్లాలంటే ఎడమ అంచు నుంచి లాగాలి. ఫాంట్ సైజ్ విషయంలోనూ ఆవిడ మాటే నిజం. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో ఆ ఏర్పాటు యాప్ లోపలే ఉంటుంది. ఐఫోన్ వాట్సాప్‌లో ఉండదు, ఫోన్ సెట్టింగ్స్‌కే వెళ్లి పెంచుకోవాలి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ఆకుపచ్చ బొమ్మ. లోపల మాత్రం రెండు వేర్వేరు దేశాలు.

దీనికి సాంకేతిక కారణాలు ఉంటాయని పెద్దలు సెలవిస్తారు. ఉంటాయి మరి. ఐప్యాడ్ 2010లో వచ్చింది. అందులోకి ఆపిల్ సొంత కాలిక్యులేటర్ 2024లో వచ్చింది. కూడికలు, తీసివేతలు పెద్ద తెర ఎక్కడానికి 14 ఏళ్ల తపస్సు పట్టింది. ఇన్‌స్టాగ్రామ్ 2025 దాకా ఐప్యాడ్ గడప తొక్కలేదు. ఆండ్రాయిడ్‌వాళ్లూ పుణ్యాత్ములేం కాదు. ఒక్కో తయారీదారు ఒక్కో వేషం తగిలించి, ఒకే సెట్టింగ్‌ను తలా ఒక అరలో దాస్తారు. అక్కడ ఆండ్రాయిడ్‌వాళ్లే ఒకరికొకరు దారి చెప్పుకోలేరు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వాట్సాప్ చాట్లు మార్చుకునే అధికారిక దారి 2022లో గానీ తెరుచుకోలేదు. అదీ ఐఫోన్ కొత్తదైనా కావాలి, అందులో ఉన్నదంతా చెరిపేసినదైనా కావాలి. అంతవరకూ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో, కొత్త ఫోనేమో ఐక్లౌడ్ తప్ప ఎవరి మొహమూ చూడదు. ఏళ్ల తరబడి దాచుకున్న మాటలు, పోయినవాళ్ల గొంతులు పాత ఫోన్లో వదిలేసి రావాలి. యాప్ మారలేదు, నంబర్ మారలేదు, మనిషి మారలేదు. ఎవడి సొమ్మని ఆపారు?

సాంకేతిక కారణాల సంగతి కోర్టులో తేలింది. ఎపిక్ గేమ్స్ అనే గేముల కంపెనీ ఆపిల్ మీద వేసిన కేసు పుణ్యమా అని 2021లో ఆపిల్ పెద్దల ఈమెయిళ్లు బయటికొచ్చాయి. ఐఫోన్ల మధ్య సందేశాలు మోసే ఆపిల్ సొంత సేవ ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందని 2013లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ పెద్ద క్రెయిగ్ ఫెడరిఘి రాశాడు. మనకు మేలు కంటే కీడే ఎక్కువని 2016లో ఆపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ రాశాడు. అంటే ఇంజనీర్లకు చేతకాక ఆగిన పని కాదిది. పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య కావాలని పెట్టిన కంచె. అది అడ్డంకి అని తెలుసు, అడ్డంకి అనే మాటే వాడారు, వాడి కూడా దాన్ని అలాగే ఉంచారు. సిగ్గుండాలి.

2022లో ఒక సభలో ఒకాయన లేచి, మా అమ్మకు కొన్ని వీడియోలు పంపలేకపోతున్నానని ఆపిల్ సీఈఓ టిమ్ కుక్‌తో మొరపెట్టుకున్నాడు. "మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వండి" అన్నాడు కుక్. మొర పెట్టుకున్నవాడికే బిల్లు చేతిలో పెట్టాడన్నమాట.

2024లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో ఎట్టకేలకు ఆర్‌సీఎస్ ఇచ్చారు. పాత ఎస్సెమ్మెస్ స్థానంలో వచ్చిన కొత్త సందేశాల పద్ధతి అది. ఐఫోన్, ఆండ్రాయిడ్‌ల మధ్య వెళ్లే వీడియోలకు పట్టిన మసక కాస్త వదిలింది. ఐఫోన్‌వాళ్ల మధ్య సందేశం బుడగ నీలంగా ఉంటే, ఆండ్రాయిడ్‌వాళ్లతో మాట్లాడే బుడగ మాత్రం ఆకుపచ్చగానే ఉంచారు. అదెందుకని వాళ్లను అడగక్కర్లేదు, జవాబు 2013లోనే రాసిపెట్టారు.