పెళ్లికి ముందుగా మాట్లాడుకోవలసింది మగ్గంతో

అనంతపురం పాతూరులో ఒక దర్జీ దుకాణం. మేడ మీద ముగ్గురు కుర్రవాళ్లు చెక్క చట్రం చుట్టూ బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. చట్రానికి బిగించిన ముదురు ఆకుపచ్చ పట్టుగుడ్డ మీద ఒకరు కొక్కెం సూదితో జరీ తీగ కుడుతున్నారు, ఇంకొకరు పూసలు ఎక్కిస్తున్నారు. వీపు భాగంలో పల్లకీ, పల్లకీలో పెళ్లికూతురు. మా పిన్ని మనవరాలి పెళ్లి రవిక అది. దాని మీద పనికి 11 వేలు. జతగా కొన్న పట్టుచీర 9 వేలు.

ఈ పనిని ఇప్పుడు మన ఊళ్లన్నీ ‘మగ్గం వర్క్’ అంటున్నాయి. అక్కడి నుంచి గంట ప్రయాణం చేస్తే ధర్మవరం. అక్కడ మగ్గం అంటే ఇంటి గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని చీర నేసేది. మాట నేత నుంచి కుట్టుపనికి వెళ్లింది, దాని వెనకాలే డబ్బూ వెళ్లింది. మెడ వంచి పొద్దస్తమానం కుట్టే ఆ పిల్లల కూలి తగ్గాలని నేను అనను, వాళ్లదీ కష్టమే. రవిక మీద పనికి పెట్టగలిగిన ఇల్లు చీర దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకాడుతోంది అన్నదే నా బాధ.

పెళ్లివారు ఏది ముందు బుక్ చేశారో, ఏది చివరికి వదిలేశారో చూస్తే జవాబు దొరుకుతుంది. మా బంధువుల ఇంట్లో ముహూర్తం కుదిరిన వారంలోనే కల్యాణ మంటపానికి అడ్వాన్సు ఇచ్చారు. మర్నాడు ఫొటోగ్రాఫరుకు. తర్వాత డెకరేషన్, మేకప్, వంటవాళ్లు, డ్రోన్. ఇవన్నీ ఆరు నెలల ముందే తేలిపోయాయి. చీర కొన్నది మాత్రం పెళ్లి 12 రోజులు ఉందనగా, ఒక్క మధ్యాహ్నంలో. అప్పటికే స్టేజీ రంగు ఖాయమైంది: లేత గులాబీ, తెల్ల పూలు. ఆ రంగుకు కుదిరే చీర కావాలి, అదీ వెంటనే. ఇంత తొందరలో వచ్చినవాళ్లు అది చేతి మగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద నేసిందా అని ఎక్కడ అడుగుతారు? దుకాణంలో సిద్ధంగా ఉన్నవాటిలో నచ్చినది తీసుకుంటారు. మరమగ్గానికి మార్కెట్ దొరుకుతున్నది సరిగ్గా ఈ తొందరలోనే.

నిజానికి దీని మీద చట్టం ఉంది. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద కొన్ని షరతులతో చీరతో సహా 11 రకాల వస్త్రాలను చేతి మగ్గానికే ప్రత్యేకించారు. చేతి మగ్గం మీద మాత్రమే రావలసిన చీరలు మరమగ్గాల మీద దిగుతున్నాయని ధర్మవరం నేతకారులు ఏళ్ల తరబడి ఆందోళన చేస్తూనే ఉన్నారు. అధికారులు ఏం చేయాలన్నది వేరే చర్చ. కొనేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి మాత్రం ఒకటుంది. చీరకు ఉండే సిల్క్ మార్క్ చీటీ కేంద్ర సిల్క్ బోర్డు 2004లో తెచ్చింది. అది పట్టు అసలైనదని మాత్రమే చెబుతుంది, చేత్తో నేశారని చెప్పదు. మరమగ్గం మీద నేసిన స్వచ్ఛమైన పట్టుకూ ఆ చీటీ రావచ్చు. చేనేతకు ఉన్న గుర్తు హ్యాండ్లూమ్ మార్క్. రెండూ అడగండి. బిల్లు మీద ‘చేనేత’ అని రాయించుకోండి. రాయడానికి దుకాణదారు తటపటాయిస్తే మీకు కావలసిన జవాబు అదే.

లేత రంగుల మీద నాకు కోపం లేదు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు మాత్రమే పెళ్లి రంగులనీ, మిగతావి అశుభమనీ పెద్దలు గట్టిగా అన్న రోజులూ చూశాను. పాతికేళ్ల అమ్మాయి తనకు నచ్చిన రంగులో పీటల మీద కూర్చోవాలనుకోవడంలో తప్పేముంది? పైగా ధర్మవరం మగ్గానికి రంగులతో ఆడుకోవడం కొత్త కాదు. నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే గుడ్డ కదిలినప్పుడల్లా రంగు మారుతూ రెండు ఛాయలు కనిపిస్తాయి. పెద్ద అంచు, జరీ నిండిన కొంగుతో పాటు ఈ జంట ఛాయ కూడా ధర్మవరం చీరకు పేరు తెచ్చింది. నెమలి కంఠం రంగు చీరను వెలుతురులో ఒకసారి ఇటూ అటూ తిప్పి చూడండి, నీలం ఎక్కడ ఆగి ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో పట్టుకోలేరు. లేత ఊదా అడిగినా, గంధం రంగు అడిగినా నేస్తారు. అయితే పట్టుకు రంగు అద్దాలి, పడుగుకు పోగులు సిద్ధం చేయాలి (ఆసు పోయడం), పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు. ధర్మవరంలో ఒక ఇంటి వరండాలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఈ పని చేస్తుంటే చూశాను. రెండు కొసలు కలిపి, బూడిద అద్దిన వేళ్లతో ఒక మెలిక, అంతే. తల ఎత్తకుండా మాట్లాడుకుంటున్నారు, వేళ్లు ఆగడం లేదు. ఆ తర్వాతే నేత మొదలవుతుంది. పన్నెండు రోజుల్లో చీర కావాలనే ఇంటికి ఇదంతా అందే దారే లేదు.

ఇప్పుడు అందరి నోటా ఉన్న ఇంకో మాట హల్దీ. మన నలుగునే ఇప్పుడు అలా పిలుస్తున్నారు. పేరు మారినందుకు బాధ లేదు, ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో చూడాలి. నలుగుకు కావలసింది దంచిన పసుపు, నూనె, సున్నిపిండి, పాడటానికి నలుగురు ముత్తైదువలు. నలుగుకు వచ్చిన వాళ్లు ఏ చీరలో వచ్చారని ఎవరూ అడిగేవారు కాదు. హల్దీకి మాత్రం వచ్చే ప్రతి ఒక్కరూ పసుపు బట్టలు కట్టాలి, మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కు మెరుపు బట్టలు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా తోడికోడలి కూతురి పెళ్లికి మూడు జతలు కొనాల్సి వచ్చిందని కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక బంధువు నాతో మెల్లగా చెప్పుకుంది. ఆ బట్టలు మళ్లీ కట్టేవి కావు. పెళ్లి చేసేవాళ్ల ఖర్చు అందరికీ తెలుస్తుంది, పిలుపు అందుకున్నవాళ్ల ఖర్చును లెక్కపెట్టేవారు లేరు. దగ్గరి బంధువే ‘ఒంట్లో బాగాలేదు’ అని రాకుండా ఉండిపోయే పరిస్థితి తెచ్చే రంగుల నియమం మన ఇళ్లకు అక్కర్లేదు.

అలంకరణ గురించి ఒక్క మాట. మంటపాల్లో నిలబెడుతున్న గుడి స్తంభాలు, ఏనుగులు చాలాచోట్ల థర్మాకోల్‌వే. అలంకరణకు థర్మాకోల్ వాడకాన్ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, అయినా పెళ్లి మర్నాడు మంటపం వెనుక ఆ ముక్కలు గాలికి ఎగురుతూనే ఉన్నాయి. అసలు స్తంభాలు మనకు లేకనా! లేపాక్షిలో పార్వతీ పరమేశ్వరుల కల్యాణం కోసం మొదలై మధ్యలో ఆగిపోయిన మంటపం 16వ శతాబ్దం నుంచి ఆకాశం కిందే నిలబడి ఉంది. పక్కనే లతా మంటపం. దాని స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు, హంసల నమూనాలు చీరల అంచుల మీదికీ వచ్చాయి. ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం గండికోట లోయ అంచు దాకా వెళ్లే జంటలు ఒక పూట లేపాక్షిలో తిరిగి, నచ్చిన తీగను ఫోనులో తీసుకుని నేతకారుడి చేతిలో పెడితే ఎంత బాగుంటుంది!

రంగు కలిసిన కుటుంబ ఫొటో కావాలన్న కోరికకూ మగ్గంలోనే దారి ఉంది. సాధారణంగా ఒక పడుగు మీద మూడు నాలుగు చీరలు దిగుతాయి. పడుగు ఒకటే ఉంచి పేక రంగు మార్చుకుంటూ పోతే పెళ్లికూతురికి ఒకటి, తల్లికి ఒకటి, అత్తగారికి ఒకటి, చెల్లెలికి ఒకటి వస్తాయి. నాలుగూ వేరు వేరు రంగులు, నాలుగింటిలోనూ ఒకే ఛాయ కింద నుంచి తొంగి చూస్తుంది. వేర్వేరు దుకాణాల్లో వెతికితే దొరకని పోలిక అది. నేతకారుడికీ నాలుగు చీరల పని ఒకే ఇంటి నుంచి, ముందే మాట్లాడుకున్న ధరకు దొరుకుతుంది. మధ్యలో ఎవరూ ఉండరు, సరుకు అమ్ముడవుతుందో లేదో అన్న దిగులూ ఉండదు.

మా పిన్నికి ఇంకో మనవరాలు ఉంది. సంబంధం దాదాపు ఖాయమైంది, ముహూర్తం వచ్చే మాఘంలో పెట్టుకోవాలనుకుంటున్నారు. దసరా లోపే ధర్మవరం వెళ్దామని మొన్న అడిగితే ఆ పిల్ల తన ఫోనులో దాచుకున్న రంగు చూపించింది: పొద్దుటి వెలుగులో తామర రేకు లాంటి లేత గులాబీ. పడుగు బంగారు రంగు పెట్టి, పేక గులాబీ వేస్తే వస్తుందని నేతకారుడు ఫోనులో చెప్పాడు. అడ్వాన్సు పంపాము. మంటపం ఇంకా చూడలేదు.